ఎన్ని ప్రాణులు చాలును?

రుక్మమ్మపేటయనియు పాలమూరనియు జనులు పిలుచుచు వచ్చిన ఊరికి, 1890 డిసెంబరు 4వ తేదీన, ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాను పేర మహబూబ్‌నగరమని నూతన నామకరణము జరిగెను. అంతకు పూర్వము కొంతకాలము జిల్లాకు కేంద్రస్థానమై యుండిన నాగర్‌కర్నూలు నాటికే ఆ గౌరవమును కోల్పోయి యుండెను; దానికి పడమటను దక్షిణమునను వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానములు తమ కోటలను, తమ కచ్చేరీలను, తమ ఆస్థాన పండితులను నిలుపుకొని, నిజాము ఖజానాకు ఏటేట కప్పము కట్టుచు కాలము గడుపుచుండెను. విద్వద్గద్వాలయని పేరొందిన ఆ సంస్థానమునందు కవులకు సన్మానములు జరుగుచుండగా, ఆ కప్పములు చేరెడి హైదరాబాదు ఖజానా నుండి 1889లో వేయి పౌనుల ద్రవ్యము, కావ్యములతోను కోటలతోను ఏ సంబంధమును లేని ఒక ప్రశ్నకు సమాధానము రాబట్టుటకై వ్యయమయ్యెను. క్లోరోఫారము పీల్చిన మనుష్యుడు మరణించునప్పుడు ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా? ఇదియే ఆ ప్రశ్న. గద్వాల రైతు కట్టిన శిస్తులో ఎంత భాగము ఏ కుక్క మీద ఖర్చయినదో చిత్రగుప్తునికే తెలియవలెను గాని, పాలమూరు సీమకు తన పేరు నిచ్చిన ప్రభువే ఆ కాలమునకు లోకమంతటిలో మిక్కిలి పెద్దవైన జంతు ప్రయోగములలో ఒకదానికి పోషకుడయ్యెనను సంగతి మాత్రము మన చరిత్రకారులు అంతగా తలపెట్టనిది.

ప్రశ్న పుట్టుక ఎడింబరోలో. 1847 నవంబరులో అచటి ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సను క్లోరోఫారమును మత్తుమందుగా లోకమునకు పరిచయము చేసెను. మూడు మాసములైనను నిండకుండ, 1848 జనవరి 28వ తేదీన, న్యూకాసిలు సమీపమున హన్నా గ్రీనరను పదునైదేండ్ల బాలిక కాలి వ్రేలి గోరు తీయించుకొనుటకై ఆ మందు పీల్చి, నిమిషములలో ప్రాణములు విడిచెను. గోటితో పోవలసిన దానికి ప్రాణమే పోయిన ఆ దుర్ఘటనము నుండి వైద్యులు రెండు తెగలైరి. గాఢమైన ఆవిరి గుండెను స్తంభింపజేయునని లండనులో జాన్ స్నో చెప్పెను. ఊపిరిని కనిపెట్టి చూచుకొన్నచో భయము లేదని, నాడి పట్టి కూర్చుండుట వృథాయని ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యులకు నేర్పెను. ఇది కేవలము పండితుల కలహము కాదు. సైమ్ మాట నిజమైనచో శ్రద్ధగల సహాయకుడొకడు ఊపిరిని గమనించుచున్నంతవరకు రోగి క్షేమము. స్నో మాట నిజమైనచో, ఎంత శ్రద్ధగా చూచుచున్నను, చూచుచుండగనే రోగి పోవచ్చును.

సైమ్ శిష్యులలో ఒకడైన సర్జను మేజరు ఎడ్వర్డు లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడై వచ్చి, అచటి వైద్య పాఠశాలకు అధ్యక్షుడై, గురువు మాటను వేదవాక్యముగా ఆచరించుచు వేలకొలది రోగులకు క్లోరోఫారమిచ్చి శస్త్రచికిత్సలు చేయించెను. విశ్వాసముతో తృప్తిపడక ప్రయోగమునకు దిగినందుకు ఆయనను మెచ్చుకొనవలెను. 1888లో నిజాము ధనసహాయముతో మొదటి విచారణ సంఘమేర్పడెను. పాట్రిక్ హెహిర్ మొదలగు వైద్యులు వందకు పైబడిన కుక్కలకు క్లోరోఫారమిచ్చి చంపి, ప్రతి కుక్కయందును ఊపిరి ఆగిన తరువాతనే గుండె ఆగినదని తీర్మానించిరి. లండనులో వెలువడెడి లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు లారీ, నమ్మనివారే వచ్చి చూడవచ్చునని, వారు పంపెడి పరీక్షకుని ఖర్చులకు నిజాము ప్రభువు వేయి పౌనులిచ్చుచున్నాడని తెలియజేసెను. లాన్సెట్ ఏరిన పరీక్షకుడు సామాన్యుడు కాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైటును 1867లో ప్రయోగించి కీర్తి గడించిన లాడర్ బ్రంటను. అంతవరకు ఆయన అభిప్రాయము, క్లోరోఫారము గుండెను చంపవచ్చుననియే.

1889 శరత్కాలమున హైదరాబాదులో రెండవ సంఘము పని మొదలుపెట్టెను. లారీ అధ్యక్షుడు, బ్రంటనుతో పాటు జెరాల్డు బాంఫర్డు, రుస్తుంజీ హకీము సభ్యులు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, తరువాత ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యులలో ఒకతెగా ప్రసిద్ధికెక్కిన రూపాబాయి ఫర్దూంజీ సయితము ఈ ప్రయోగములలో పాల్గొనెను. ధమనిలోని రక్తపు ఒత్తిడిని, తిరుగుచుండెడి డోలుపై చుట్టిన కాగితము మీద ఎడతెగని గీతగా వ్రాసెడి యంత్రమును తెచ్చి, జంతువులను గాఢనిద్రలోనికి, నిద్ర నుండి మరణములోనికి పంపుచు, ఊపిరి గీత ముందు నిలిచెనా, గుండె గీత ముందు నిలిచెనా యని పరికించిరి. కొలదివారములకే బ్రంటను లండనుకు తంతి పంపెను. కుక్కలు, గుర్రములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి నాలుగు వందల తొంబది ప్రాణులు వినియోగింపబడినవి. నూట యిరువదింటికి ఒత్తిడిమాపకముతో కొలతలు తీయబడినవి. ఒక్కొక్క ప్రాణి మీద పెక్కు పరిశీలనలు జరిగినవి. అపాయమంతయు ఊపిరాడకపోవుటవలననో మోతాదు మించుటవలననో గాని, నేరుగా గుండెవలన లేశమైనను లేదు. ఇది ఆ తంతి సారాంశము. సందేహించుటకు పంపబడినవాడే శిష్యుడై తిరిగిపోయెను. నివేదిక 1890లో లాన్సెట్‌లోను, 1891లో బొంబాయిలో గ్రంథముగను అచ్చుపడెను.

ఇన్ని ప్రాణులను ఇంత తక్కువ కాలమున వినియోగించుట అప్పటికే లండనులో సులభసాధ్యము కాదు. బ్రిటనులో 1876 నాటి చట్టము ప్రకారము సజీవ జంతువుల మీద ప్రయోగము చేయగోరువాడు సర్కారు అనుమతి పత్రమును పొందవలసి యుండెను. నిజాము రాజ్యమున ఆ చట్టము చెల్లదు. ఊరకుక్కకు న్యాయవాది లేడు. ఐతే, నేటి పాఠకుడు కరుణతో మాత్రమే ఈ కథను చదివి ఊరకున్నచో దానిలోని అసలు చమత్కారమును కోల్పోవును. దాదాపు ఐదు వందల ప్రాణములను వెచ్చించి ఆ సంఘము కొన్న జ్ఞానమెంత? ఆ ప్రశ్న నాడు అడిగినవారు అరుదు. అడుగుటకు కావలసిన గణితము సామగ్రిగా వారి చేతులలో లేదు.

నేడు కలదు గనుక లెక్క వేసి చూతము. క్లోరోఫారము వలని మరణము మనుష్యులలో ఇంచుమించు 3,000 మందికి ఒకటి చొప్పున సంభవించునని ఆ కాలపు వైద్యులు తరచుగా చెప్పుకొనెడివారు. ప్రాణులలో కూడ గుండె ముందుగా ఆగెడి ప్రమాదము అంతే అరుదైనదనుకొందము. అప్పుడు 490 ప్రాణులకు మందిచ్చినను, వాటిలో ఒక్కటియైన ఆ విధముగా చచ్చుటను చూడగల అవకాశము నూటికి 15 మాత్రమే. తక్కిన 85 పాళ్లు, ప్రమాదము నిజముగా ఉండియు, కంటపడకయే పోవును. అటువంటి దానిని ఒక్కసారియైన చూతుమని నూటికి 80 పాళ్ల ధైర్యము కావలెనన్నచో సుమారు 4,800 ప్రాణులు, 95 పాళ్ల ధైర్యము కావలెనన్నచో సుమారు 9,000 ప్రాణులు అవసరమగును. తిరుగవేసి చెప్పుదుమన్నను ఫలితమదియే: ఎన్నియో ప్రాణులలో ఒక సంఘటన ఒక్కసారియైన జరుగనప్పుడు, మూటిని ఆ ప్రాణుల సంఖ్యచే భాగించినచో ఆ సంఘటన ఎంతవరకు తరచుగా ఉండవచ్చునో దాని పై హద్దు ఇంచుమించుగా తేలును. 490 ప్రాణులకు ఆ హద్దు 163లో ఒకటి. అనగా బ్రంటను తంతి ఇచ్చిన యథార్థమైన వార్త, గుండెవలన ప్రమాదము 163లో ఒకటికి మించి యుండదని మాత్రమే. లేశమైనను లేదనుటకును దీనికిని మధ్య నున్న అగాధములో ఎందరు రోగులైన పడవచ్చును.

ప్రయోగమునందు నిజముగా ఉన్న భేదమును కనుగొనగల సామర్థ్యమును సంఖ్యాశాస్త్రజ్ఞులు శక్తి యందురు. హైదరాబాదు ప్రయోగమునకు ధనశక్తి కలదు, రాజశక్తి కలదు; ఈ శక్తి మాత్రము నూటికి 15.

లోపము సంఖ్యతోనే తీరలేదు. ఒక్కొక్క ప్రాణి మీద పెక్కు పరిశీలనలని బ్రంటను గర్వముగా చెప్పిన మాటను నేటి పరీక్షకుడు చూచినచో కనుబొమలు ముడివేయును. ఒక కుక్క మీద నూరుమార్లు తీసిన కొలత నూరు కుక్కలు కాజాలదు. ఆ కుక్క గుండె స్వభావతః దృఢమైనదైనచో నూరు కొలతలును ఆ దృఢత్వమునే నూరుమార్లు వల్లించును. మరియొకటి: మందు హెచ్చుగా ఇచ్చినవి, తగ్గించి ఇచ్చినవి, కొంత ఇచ్చి ఆపి మరల ఇచ్చినవి అని ప్రాణులను ముందుగా చీట్లు వేసి విభజించి పోల్చినవారు కారు. ప్రాణులను ప్రధానముగా గాఢమైన మత్తులోనికి దింపి చూచిరి. చివరకు రహస్యము దాగియున్న చోటు దానికి నేరుగా విరుద్ధమైనది. 1911లో గుడ్మన్ లేవీయను ఆంగ్ల వైద్యుడు పిల్లుల మీద ప్రయోగించి, క్లోరోఫారము మత్తు గాఢముగా కాక తేలికగా ఉన్నప్పుడు, భయోద్రేకముల వలననో అడ్రినలిన్ వలననో గుండె కింది గదులు లయ తప్పి గిలగిల కొట్టుకొని హఠాత్తుగా నిలిచిపోవునని ప్రత్యక్షముగా చూపెను. హన్నా గ్రీనరు వంటి బెదరిన బాలికలు, చిన్న చిన్న శస్త్రచికిత్సలలో, మత్తు నిండుగా పట్టకమునుపే ఏల చచ్చిరో అప్పుడు బోధపడెను. తగని చోట వెదకినందున హైదరాబాదు సంఘము ఐదు వందలకు బదులు తొమ్మిదివేల ప్రాణులను చంపినను ఇది కనబడి యుండెడిది కాదు. లేవీకి చాలినవి కొన్ని పిల్లులే. ప్రశ్న సరిగా నిలిచిన పిదపనే సంఖ్యకు అర్థము కలుగుననుటకు ఇంతకంటె ఖరీదైన ఉదాహరణము తెలుగునేల మీద మరియొకటి నాకు తోచదు.

ఈ సంగతులను సూత్రములుగా చేర్చినవారు గుర్రములనో కుక్కలనో పరీక్షించిన వైద్యులు కారు, పొలములలో పని చేసిన గణితజ్ఞులు. 1919లో ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రమున చేరిన రోనాల్డు ఫిషరు, ఏ మడికి ఏ యెరువు వేయవలెనో మనుష్యుని ఇష్టమునకు విడువక చీటీకి విడువవలెననియు, ఒకే మాదిరి మడులను వరుసలుగా గుంపుచేసి ఆ గుంపులోపలనే పోల్చవలెననియు, ప్రతి చర్యను పెక్కు మడులలో మరల మరల చేయవలెననియు బోధించి, 1935లో ప్రయోగ నిర్మాణము మీద గ్రంథమును ప్రకటించెను. 1933లో జెర్జీ నేమనును ఎగాన్ పియర్సనును, లేని భేదమును ఉన్నదనుకొనుట ఒక పొరపాటు, ఉన్న భేదమును కానకపోవుట మరియొక పొరపాటని వేరుచేసి, రెండవదానికి శక్తియను కొలమానమును సిద్ధాంతముగా నిలిపిరి. నాగర్‌కర్నూలు సమీపమున పాలెం పరిశోధన స్థానమునందు నేడు జొన్న, ఆముదము మడుల నడుమ గట్టుమీద నడచుచున్నవాడు, ఫలకముల మీది అంకెలు వరుసతప్పి యుండుటను చూచి వింతపడనక్కరలేదు. అది చీటీ మహిమ.

పెద్ద సంఖ్య తనంతట తాను నిజము పలుకునను భ్రమ ఫిషరు నాటికిని చావలేదు. 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైరులో పాలు త్రాగిన పిల్లలు ఎంత పెరుగుదురో తెలిసికొనుటకై 20,000 మంది బడిపిల్లలను తీసికొని, 10,000 మందికి నాలుగు నెలలు పాలిచ్చి, 10,000 మందికి ఇయ్యక, తూచి చూచిరి. ఎవరికి పాలో నిర్ణయించుట మొదట చీట్ల వంటి పద్ధతులకు విడిచినను, గుంపులు సమముగా లేవని తోచినచో ఉపాధ్యాయులు మార్చుకొనవచ్చుననిరి. ఉపాధ్యాయులు దయాళువులు గనుక బక్కచిక్కిన పేదపిల్లలకే పాలు దక్కెను. మొదటనే పొట్టివారిని ఒక పక్షమున కూర్చి, పిదప పోల్చిరి. స్టూడెంటను మారుపేరుతో వ్రాయుచుండెడి గోసెట్టు 1931లో దీనిని విమర్శించుచు, ఒకే అండమునుండి పుట్టిన కవలల జంటలు ఏబది చాలునని, ఖర్చు నూటికి ఒకటి రెండు పాళ్లతో ఇంతకంటె గట్టి సమాధానము వచ్చి యుండునని చూపెను. ఇరువదివేల కంటె వంద గొప్పదగుట లెక్కలు తెలియనివారికి పరిహాసముగా తోచును.

ఈ శాస్త్రము మన దేశమునకు వచ్చినప్పుడు దానికి తెలుగువాడొకడు దిగ్గజమై నిలిచెను. తుంగభద్రా పరిసరమున బళ్లారి సీమలోని హడగలిలో 1920 సెప్టెంబరు 10వ తేదీన తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిసు స్థాపించిన సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరి, ఇరువదియైదేండ్ల ప్రాయమున, 1945లో, ప్రకటించిన ఒక్క వ్యాసముతో జగత్ప్రసిద్ధుడయ్యెను. ఇచ్చిన కొలతలనుండి ఎవ్వరెంత నేర్పరులైనను ఇంతకంటె సూక్ష్మముగా నిజమును పిండలేరని ఒక హద్దును ఆ వ్యాసము గీచెను. ఆ హద్దు పరిచయమున్నవారికి, బ్రంటను తంతిలోని నిశ్చయము హద్దు దాటినదని తెలియుట కష్టము కాదు. హడగలి ప్రక్కగా పారెడి ఆ తుంగభద్రయే దిగువకు వచ్చి గద్వాల నడిగడ్డకు దక్షిణపు టెల్లయగుచున్నది.

కరుణకును గణితమునకును సంధి కుదిరినది 1959లో. ఆ యేట రస్సెలు, బర్చి యను ఇరువురు ఆంగ్లేయులు ప్రయోగశాలలో మానవీయ విధానములను గూర్చి గ్రంథము వ్రాసి, జంతువునకు బదులు వేరొకటి దొరికినచో దానిని వాడుము, దొరకనిచో సంఖ్యను తగ్గింపుము, బాధను తగ్గింపుము అని మూడు విధులను చెప్పిరి. మరుసటి యేట మన దేశమున జంతు హింసా నివారణ చట్టము పుట్టెను. 1964లో ప్రయోగముల పర్యవేక్షణకై సంఘమేర్పడెను. 1998లో నియమావళి వచ్చెను. నేడు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల ఎలుకల మీద ప్రయోగము చేయదలచినవాడు, నియమిత పత్రముపై ఏ జాతి, ఎన్ని, అన్నియే ఎందులకు అను ప్రశ్నలకు ముందుగా జవాబు వ్రాసి నైతిక సంఘము ఎదుట నిలువవలెను. ఎక్కువ ప్రాణులను అడుగుట హింస యని అందరికిని తెలియును. తక్కువ అడుగుట కూడ హింసయేయని గ్రహించువారు కొందరే. ఆరు ఎలుకలతో ముగించిన ప్రయోగము ఏమియు చెప్పలేకపోయినప్పుడు ఆ ఆరును వృథాగా చచ్చినవే కదా.

ఇక పాలమూరు మందలలోనికి వత్తము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలు గొల్లకురుమల సీమలు. నల్ల ఉన్నితో గొంగడి నిచ్చెడి దక్కనీ గొర్రె యొకప్పుడు ఈ మెట్టభూములకు రాణి. మాంసమునకే విలువ హెచ్చిన ఈ కాలమున ఉన్ని లేని నెల్లూరు జాతి దాని స్థానమును ఆక్రమించుచు వచ్చినది. పంట కోసిన చేలలో రాత్రులు మంద నిలిపించుకొని, పెంటికకును మూత్రమునకును బదులుగా రైతు ధాన్యమో పైకమో ఇచ్చుట ఈ సీమలో తరతరముల ఆచారము; మేత తరిగినప్పుడు కృష్ణ ఒడ్డునకును నల్లమల అంచులకును మందలు తరలును. సాయంకాలము దొడ్డి కడ్డీ తీసి నిలుచుండి జీవములను లెక్కించు కాపరికి అంకెల యందలి శ్రద్ధ ఏ పండితునికిని తీసిపోదు. ఐతే అతని లెక్క ఉన్నవా పోయినవాయను లెక్క. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ మొదలుపెట్టి ఒక్కొక్క కుటుంబమునకు ఇరువది ఆడుగొర్రెలు, ఒక పొట్టేలు అని నిర్ణయించినప్పుడు, ఆ ఇరువదియొకటి సంసార నిర్వాహమునకు సరిపోవు లెక్క. ప్రయోగమునకు కావలసిన లెక్క ఈ రెంటికిని వేరైనది.

నట్టల మందునే ఉదాహరణముగా తీసికొందము. క్రొత్తగా వచ్చిన మందొకటి త్రాపించినచో గొర్రెపిల్లలు మూడు నెలలలో ఎక్కువ బరువు పెరుగునా యని నాగర్‌కర్నూలు పశువైద్యుడొకడు తెలిసికొనగోరెనని భావింపుడు. ఎన్ని పిల్లలు కావలెనని అతడు సంఖ్యాశాస్త్రజ్ఞుని అడిగినచో, ఆయన ఎదురు రెండు ప్రశ్నలు వేయును. మందు వేయకున్నను పిల్లకును పిల్లకును బరువులో సహజముగా ఎంత తేడా ఉండును? ఎంత లాభమున్నచో కాపరి ఈ మందును కొనును? మొదటిది ప్రామాణిక విచలనము, మూడు కిలోలనుకొందము. రెండవది కాపరి చెప్పవలసిన మాట, శాస్త్రజ్ఞుడు చెప్పవలసినది కాదు. రెండు కిలోలు పెరుగకున్నచో మందు డబ్బులు కూడ రావని అతడనినాడు. మూటిని రెంటిచే భాగించి, వర్గము చేసి, పదునారుతో గుణించినచో ముప్పదియారు వచ్చును: పక్షమునకు 36 పిల్లలు, రెండు పక్షములకు 72. పనికిరాని మందు పనికివచ్చినట్లు తోచెడి పొరపాటు నూటికి 5 మించకుండునట్లును, నిజముగా రెండు కిలోల లాభమున్నచో నూటికి 80 మార్లు పట్టుబడునట్లును ఏర్పరచిన సుళువైన సూత్రమిది. కాపరి ఒక్క కిలోయైనను చాలుననినచో సంఖ్య రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును: పక్షమునకు 144. వెదకెడి భేదము సన్నగిల్లినకొలది ప్రాణుల సంఖ్య దాని విలోమ వర్గముగా పెరుగుననునది చాలమంది ప్రయోక్తలు చివరి దాక గుర్తింపక, ఖజానా ఖాళీయైన పిదప గుర్తించెడి విషయము.

పిల్లలను విభజించుట చూచుటకు చిన్నపనియే. దొడ్డిలోనికి దిగి చేతికి చిక్కిన మొదటి ముప్పదియారింటికి మందు పోసినచో, చేతికి ముందు చిక్కునవి మందమైనవి, నలతగలవి; చురుకైనవి మూలకు పరుగిడి మందు లేని పక్షమగును. లానార్క్‌షైరు ఉపాధ్యాయుల దయ ఏమి చేసెనో దొడ్డిలో గొర్రెల కాళ్లు అదే చేయును. కావున ప్రతి పిల్లకును చెవి బిళ్ల వేసి, బిళ్ల అంకెలను చీట్లుగా తీయవలెను. తూచెడివానికి ఏది ఏ పక్షమో తెలియగూడదు. దసరాకు అమ్ముడుపోవునవి, చిటుకు రోగమున పోవునవి, కుక్కల పాలగునవి నూటికి పది యుండునని ముందే లెక్కించి, 36ను 40 చేసికొనవలెను.

అసలు చిక్కు ఇక్కడ పుట్టుచున్నది. ఒకే మందలో సగము పిల్లలకు మందు వేసి సగమును విడిచినచో, రెండును ఒకే బీడున మేయును. వేయనివాని పెంటికలోని నట్టల గుడ్లు వేసినవాని కడుపులోనికే చేరును, వేసినవానివలన బీడు శుభ్రపడిన మేలు వేయనివానికిని కలుగును. భేదము రెండు వైపులనుండియు కరిగిపోవును. కావున చీటీని పిల్లకు కాక మందకే తీయవలెను. ఈ మందకు మందు, ఆ మందకు లేదు. అట్లు చేసిన క్షణమున బ్రంటను కుక్క మరల ఎదురగును. ఒకే కాపరి కింద, ఒకే మేతతో, ఒకే పొట్టేలు సంతానముగా పెరిగిన పిల్లలు ఒకదానినొకటి పోలియుండును గనుక ఇరువది పిల్లలు ఇరువది సాక్షులు కాజాలవు. ఆ పోలిక ఒకటికి పదవవంతు మాత్రమే యనుకొన్నను, మందకు ఇరువది పిల్లల చొప్పున తీసికొన్నచో, కావలసిన సంఖ్య 2.9 రెట్లు పెరిగి 36కు బదులు 105 అగును. అమ్ముడుపోవువానిని కలుపుకొన్నచో 117, అనగా పక్షమునకు ఆరు మందలు. మందల సంఖ్య చిన్నదైనప్పుడు పక్షమునకు మరియొకటి చేర్చుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏడు మందలు ఇటు, ఏడు మందలు అటు, 280 పిల్లలు. దగ్గరలో దొరకిన రెండు మందలను పట్టుకొని, ఒక్కొక్కదానినుండి నూట నలువది పిల్లలను తూచినను సంఖ్య 280యే. కాని అందులో సాక్షులు ఇద్దరే. ఒక మంద బలిసినది మందువలననో, దాని కాపరి నల్లమల అంచున మంచి మేత ఎరిగినవాడగుటవలననో, ఏ గణితమును తేల్చి చెప్పజాలదు.

ఇట్లు పదునాలుగు మందలను నాగర్‌కర్నూలు చుట్టుపట్లనే వెదకక, నడిగడ్డ గ్రామములలో కొన్ని, వనపర్తి ప్రాంతమున కొన్ని, అమరాబాదు దిక్కున కొన్ని ఎంచి, ఒకే ప్రాంతమున వేరువేరు బీళ్లలో మేయుచున్న మందలను జంటలు చేసి, జంటలో దేనికి మందో చీటీ తీయుట ఉత్తమము. నల్లరేగడి మేతకును అడవి మేతకును గల భేదము జంటలోపలనే కొట్టుపడిపోవును. చీటీ తీయునప్పుడు కాపరులు ఇరువురును ఎదుట నుండుట శాస్త్రమునకు అవసరము కాకున్నను ఊరిలో బ్రదుకుటకు అవసరము. తమ మందకు చీటీ రాని ఏడుగురు కాపరులు, మూడు నెలలు తూనిక కొరకు గొర్రెలను నిలిపియుంచిన శ్రమకు ప్రతిఫలము అడుగుదురు, అడుగుట న్యాయము. ప్రయోగము ముగిసి మందు మేలైనదని తేలిన పక్షమున ఆ ఏడు మందలకును ఉచితముగా త్రాపింతుమను మాటయు, దానికి పట్టెడి పైకమును, నైతిక సంఘమునకు పంపెడి పత్రములో పిల్లల సంఖ్య ప్రక్కనే వ్రాయవలెను.